సాక్షి తిప్పిన చుట్లు

గట్టు కట్టిన 61వ ఏడు, 188వ రోజు

ఉప్పు 3. పాటుకి తలుపు తెరిచాను, యాభై నాలుగు చుట్లు. పోటుకి మూశాను, యాభై నాలుగు. కరెంటిచ్చే ఎండపలకల మీద పాకిన నాచు గోకాను. చక్రానికి గ్రీజు పెట్టాను.

గట్టు తలుపు చూసుకునే లస్కరు ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంతే. నాకు ముందు గవరయ్య తాత ముప్పై ఆరేళ్లు ఇంతే రాశాడు, ఒక్క మాట ఎక్కువ లేదు. నాకు మాత్రం చెయ్యి ఊరుకోదు. చిన్నప్పుడు బళ్లో హైమావతి టీచర్, "భూలక్ష్మికి జవాబు చెబితే దానికి ఇంకో ప్రశ్న పుడుతుంది" అనేది. అప్పట్లో అది మెచ్చుకోలే అనుకున్నాను.

ఇవాళ కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది. ఏటా ఊరంతా మాట లేకుండా కూర్చునే మౌనజాము ఈ ఏడు ఒక్క జాము కాదట, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకానట. తలుపు తెరిచే ఉండాలి. చక్రానికి గొలుసు వేసి తాళం పెడతారు. లస్కరుతో సహా అందరూ హాల్లో సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి. కూర్చోని వాళ్లకి ఓటు ఉండదు, నీళ్ల కార్డు ఉండదు. నోరు విప్పిన వాళ్లకి ఏడాది మాటవెలి, అంటే ఊళ్లో ఎవరూ వాళ్లతో మాట్లాడకూడదు. కింద సంతకం ప్రెసిడెంటు హైమావతి. అవును, ఆ టీచరే.

మౌనజాము 219వ రోజున వస్తుంది. పోటు పట్టిక తీసి చూశాను. ఆ రోజు అమావాస్య. పొద్దున ఏడింటికి నీరు తిరుగుతుంది, ఒంటిగంటకి నిండుతుంది. ఏడాదిలో అదే పెద్ద పోటు.

మిగులులంక చుట్టూ ఉన్న గట్టుకి ఒకటే తలుపు. పాటులో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తెరిచి ఊరి మురుగునీ వాననీటినీ బయటికి పంపాలి, పోటు తిరిగేలోగా మూయాలి. మూయకపోతే సముద్రం నేరుగా మంచినీళ్ల మడుగులోకి వస్తుంది. మడుగులో ఉప్పు 8 దాటితే పసిపిల్లలు పడకేస్తారు. 20 దాటితే మడుగు పోయినట్టే. నాలుగు వేలమందికి వేరే నీళ్లు ఎక్కడా లేవు. పెద్ద పోటుకి ఆరుగంటలు తలుపు తెరిచి ఉంటే ఎంతవుతుందో లెక్కగట్టాను. 40 వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ 40.

189వ రోజు

ఉప్పు 3. తలుపు మామూలే.

కౌన్సిల్‌కి నా లెక్క రాసి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చేసింది. "అరవై ఏళ్లుగా మౌనజాములో తలుపు తెరిచే ఉంది. ఒక్కసారైనా మడుగు ఉప్పనైందా? మనం ఊరుకుంటే సముద్రం ఊరుకుంటుంది."

ఆఖరి మాట సమితి నినాదం. ఊళ్లో ప్రతి గోడ మీదా ఉంది. నిష్ఠా సమితి మొదట్లో హాలు ఊడ్చి, చాపలు పరిచే పదిమంది. పాత ప్రెసిడెంటు వాళ్ల ఓట్ల కోసం మౌనజాముని తప్పనిసరి చేశాడు. తర్వాతి ఎన్నికల్లో, నువ్వు చేసింది చాలదంటూ వాళ్లే పోటీకి దిగారు. ఇప్పుడు పదకొండు సీట్లలో ఏడు వాళ్లవి. మిగతా నలుగురూ వాళ్లకంటే గట్టిగా నినాదం అరుస్తున్నారు.

కానీ ఆ ప్రశ్న ఉందే, అది మంచి ప్రశ్న. ఒక్కసారైనా ఉప్పనైందా? నేనెందుకు ఇన్నాళ్లూ అడగలేదు?

192వ రోజు

ఉప్పు 3. చక్రం కిర్రుమంటోంది, గ్రీజు తక్కువైంది.

పాత పుస్తకాలన్నీ అటక మీంచి దించాను. ముప్పై ఎనిమిదేళ్లవి బాగున్నాయి, అంతకు ముందువి చెదలు తిన్నాయి. ప్రతి ఏడూ 219వ రోజున పోటు ఎప్పుడొచ్చిందో చూశాను. మౌనజాములో నీరు పెరుగుతూ ఉన్న ఏళ్లు పంతొమ్మిది. మూడుగంటలు తలుపు తెరిచి ఉంటే మడుగు ఉప్పు 12కో 15కో పోవాలి. మర్నాటి ఉప్పు చూద్దును కదా, 3. 3. 4. 3. పంతొమ్మిదిసార్లూ అంతే.

అబద్ధమెందుకు, కాసేపు నిజమేనేమో అనుకున్నాను. నాలుగువేలమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే సముద్రం ఆగుతుందేమో, నాకు తెలియని లెక్క ఒకటి ఉందేమో అని. ఉంటే అంతకన్నా గొప్ప సంగతి ఏముంది? అది ఎలా జరుగుతుందో చూడకుండా వీపు తిప్పుకుని కూర్చోమంటారేమిటి అని మాత్రం ఉక్రోషం వచ్చింది. సముద్రాన్ని చూడటమంటే అనుమానించడమేనని సమితి అంటుంది.

193వ రోజు

ఉప్పు 3.

తెలిసింది.

చక్రం పక్కన ఇత్తడి లెక్కడబ్బా ఉంది. ఎటు తిప్పినా చుట్టుకి ఒక అంకె పెరుగుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట పాత తలుపు మార్చి ఈ తలుపు బిగించినప్పుడు దాన్ని సున్నా మీద పెట్టారు, అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. పుస్తకంలో నెలాఖరు మొత్తాలు ఉంటాయి. అవన్నీ కూడి డబ్బాతో పోల్చాను. డబ్బాలో 2,052 చుట్లు ఎక్కువున్నాయి.

మూయడానికి యాభై నాలుగు, తెరవడానికి యాభై నాలుగు. కలిపి నూట ఎనిమిది. 2,052ని నూట ఎనిమిదితో భాగిస్తే పంతొమ్మిది. శేషం లేదు.

మౌనజాములో తలుపు దగ్గర ఉండేది ఒక్కడే. గవరయ్య తాత. ఉద్యోగం నాకొచ్చాక కూడా, "ఆ ఒక్కరోజూ నేనుంటాలే, నువ్వు లోపల కూచో" అన్నాడు. హాలు తలుపులు తెరవగానే అందరూ ఆయన్నే అడుగుతారు, సముద్రం వచ్చిందా అని. రాలేదు అంటాడు. ఊరంతా ఏడుస్తుంది. దానికే ఆయనకి సాక్షి అని బిరుదిచ్చి, హాల్లో మొదటి పీట వేశారు.

196వ రోజు

ఉప్పు 3. తెల్లవారే తలుపు పని ముగించుకుని తాత దగ్గరికి వెళ్లాను.

ఆయన బాతుల తెప్ప మీద ఉంటాడు. పెళ్లాం పోయి ఆరేళ్లు. దారిన పోయే ప్రతివాళ్లనీ పిలిచి కూర్చోబెట్టి కబుర్లు చెప్పడమే ఆయన కాలక్షేపం. నన్ను చూసి బాతుగుడ్డు ఉడకేశాడు. నేను కాగితం తీసి పంతొమ్మిది చూపించాను.

"ఇరవై అనుకున్నానే," అన్నాడు. "ఒకటి లెక్క తప్పాను."

తర్వాత తనే చెప్పుకొచ్చాడు. మొదటిసారి మూసింది ఉద్యోగంలో చేరిన ఏడే. లోపల జనం పోయినవాళ్లని తలుచుకుంటూ కూర్చున్నారు. బయట నీరు తిరిగింది. ఆ జాములో తలుపు ముట్టకూడదన్నది ఆనవాయితీ. వెళ్లి లేపుదామని హాలు దాకా నడిచాడు. గుమ్మం అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. కదిలించడానికి మనసొప్పక వెనక్కి వచ్చి తనే మూసేశాడు. అందరూ లేచే వేళకి మళ్లీ తెరిచాడు. సముద్రం వచ్చిందా అని ఎవరో మామూలుగా అడిగారు. రాలేదన్నాడు. అందులో అబద్ధం ఏముంది, రాలేదు కదా. రెండో ఏడు అదే మాట ఇంకొంచెం గట్టిగా అడిగారు. పదో ఏటికి అది గోడకెక్కింది.

"ఎవరి మనసూ నొప్పించకూడదనే చేశానే. ఇంతవుద్దని నాకేం తెలుసు?"

కౌన్సిల్లో చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపాడు. చెబితే మా అమ్మలాంటి వాళ్లు ఏమైపోతారన్నాడు. అది సగమే నిజమని ఇద్దరికీ తెలుసు. మిగతా సగం వెళ్లేటప్పుడు, బాతుల వంక చూస్తూ అన్నాడు.

"మాటవెలి వేస్తే నేను పట్టుమని పది రోజులు బతకను భూలచ్చిమీ."

నాకు కోపం రాలేదు. జాలీ రాలేదు. ఒక మంచివాడి మంచితనం మీద ఇంత చట్టం ఎలా లేచిందా అని దారంతా ఆలోచిస్తూనే వచ్చాను.

201వ రోజు

ఉప్పు 3. వాన. తలుపు గంట ఎక్కువసేపు తెరిచాను.

హైమావతి టీచర్‌ని కలిశాను. తాత పేరు ఎత్తలేదు, అంకెలు మాత్రం ముందు పెట్టాను. ఆమె పెన్సిల్ తీసుకుంది. ఒక్కో ఏడూ వేలు పెట్టి కూడింది. ఎనిమిదో ఏటి లెక్క దించేటప్పుడు నేను ఏడు రాయాల్సిన చోట ఒకటి రాశాను, దిద్దింది. బళ్లో ఉన్నప్పుడూ అంతే, ఎవరైనా ఎక్కాలు తప్పు చదివితే అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి మరీ దిద్దేది.

"లెక్క సరిగ్గానే ఉంది," అంది.

మరి గొలుసు అని అడిగాను. ఆమె పెన్సిల్ పక్కన పెట్టింది. డబ్బా పాతది, తుప్పు పట్టి ఉంటుందంది. తుప్పు పట్టిన డబ్బా సరిగ్గా పంతొమ్మిది నూట ఎనిమిదులే తప్పుతుందా అండీ అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే వాళ్లతో వాదించవచ్చు. ఆమె నాలుగో కాలు చూసి కూడా చూడనట్టుంది. అదే నాకు అంతుపట్టలేదు, అందుకే ఊరుకోకుండా అడిగాను, మీరు నిజంగా నమ్ముతున్నారా టీచర్ గారూ అని.

ఆమె కిటికీ వేసి వచ్చింది.

"నేను గొలుసు తీయిస్తే మర్నాడే నన్ను దించుతారు. ఆ కుర్చీలో కూర్చునేవాడు చక్రాన్నే పీకి సముద్రంలో పడేస్తాడు. నాకంటే గట్టిగా నమ్మేవాళ్లు నా వెనక వరసలో ఉన్నారు భూలక్ష్మీ. నేను ముందుకి పోకపోతే తొక్కుకుంటూ పోతారు."

బెదిరించినట్టు అనలేదు. పాఠం చెప్పినట్టు అంది.

202వ రోజు

ఉప్పు 3. సమితి మనుషులు వచ్చి లెక్కడబ్బాకి తెల్లగుడ్డ చుట్టి లక్కముద్ర వేసి పోయారు.

210వ రోజు

ఉప్పు 4. చక్రం మామూలే.

అమ్మ మౌనజాముకి కొత్త చాప అల్లుకుంటోంది. దగ్గర కూర్చుని నార అందిస్తూ, సముద్రానికి వీపెందుకు పెడతారమ్మా అని అడిగాను. సమితి చెప్పేది చెబుతుందనుకున్నాను. అమ్మ చాప మీంచి తలెత్తలేదు.

ఉప్పెన వచ్చిన ఏడు అమ్మకి ఐదేళ్లు. మూడేళ్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని ఉంది, జారిపోయింది. గట్టు కట్టడం పూర్తయిన రోజున పెద్దమ్మ అనే ముసలావిడ పనులన్నీ ఆపించి, పోయినవాళ్ల కోసం ఒక్క జాము కూర్చుందామంది. పాటు వేళ కాబట్టి తలుపు తెరిచే ఉంది.

"సముద్రాన్ని చూళ్లేకపోయామే. అందుకని దానికి వీపు తిప్పి కూచున్నాం. అంతే."

ఏడాదికి ఆ ఒక్క జామూ తమ్ముడి చెయ్యి మళ్లీ తన చేతిలో ఉన్నట్టు ఉంటుందట. "నాకు ఆ జాము చాలు. పగలంతా ఎవరడిగారు?" అంది.

నేను తాత సంగతి అంతా చెప్పేశాను. అమ్మ అల్లడం ఆపింది. తర్వాత మళ్లీ అల్లింది. చెప్పి తప్పు చేశానేమో అని భయం వేసింది.

218వ రోజు

ఉప్పు 3. గొలుసు వేశారు. తాళంచెవి హైమావతి టీచర్ మెడలో ఉంది.

తాత దగ్గరికి మళ్లీ వెళ్లాను. తెప్ప మీద లేడు. బాతులకి రెండు రోజుల మేత పోసి ఉంది.

220వ రోజు

ఉప్పు 11.

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి.

పొద్దు పొడవకముందే అందరం హాల్లో చేరాం. తలుపులు మూశారు. తాత మొదటి పీట మీద ఉన్నాడు, ఉతికిన పంచె కట్టుకుని. నాకు రెండు వరసల ముందు అమ్మ. గోడ గడియారం ఏడు దాటింది. ఏడున్నర. ఎనిమిది. నీటి చప్పుడు మారడం నాకు తెలుస్తోంది, పన్నెండు నెలలూ వినే చెవులు. బయటికి పోయే నీరు గలగలమంటుంది. లోపలికి వచ్చే నీటికి చప్పుడుండదు. ఆ చప్పుడు లేకపోవడాన్ని వింటూ కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఆరుగురు కర్రలతో నిలబడ్డారు. గొలుసు తెంచే పనిముట్టు ఊళ్లో లేదు. తాళంచెవి లేకుండా నేను బయటపడ్డా ఒకటే, పడకపోయినా ఒకటే.

ఎనిమిదిన్నరకి తాత లేచాడు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, పీట పట్టుకుని లేచి, మా వైపు తిరిగాడు.

"తలుపు నేనే మూశాను," అన్నాడు. "పంతొమ్మిది సార్లు. మీరు లోపల ఉంటే నేను బయట తిప్పాను. సముద్రం ఎప్పుడూ ఊరుకోలేదు. మూశాను కాబట్టి రాలేదు. ఇవాళ ఎవరూ మూయలేదు, వచ్చేసింది. వినండి."

నాలుగువేలమంది. ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు, అబద్ధమనలేదు, ఎవరికీ నోరు విప్పే వీల్లేదు కదా. సమితివాళ్లు చేతులూపారు, కళ్లెర్రజేశారు. తాత జీవితంలో మొదటిసారి ఎవరూ అడ్డురాకుండా తన మాట పూర్తిచేశాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడు అమ్మ లేచింది. చాప చుట్టి చంకన పెట్టుకుంది. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి హైమావతి టీచర్ ముందు ఆగి చెయ్యి చాపింది. నోరు విప్పలేదు. తన జాము తను పాటిస్తూనే ఉంది. టీచర్ కదల్లేదు. అమ్మా కదల్లేదు. వెనక వరసలో ఒకావిడ లేచి వచ్చి అమ్మ పక్కన నిలబడి చెయ్యి చాపింది. తర్వాత ఇంకొకావిడ. నేను లెక్కపెట్టాను, పదిహేడు చేతులు. గడియారం తొమ్మిది కొట్టింది. టీచర్ మెడలోంచి తాడు తీసి అమ్మ చేతిలో పెట్టింది. ఎందుకు ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. చేతులు చూసి ఇచ్చిందో, లెక్క సరిగ్గా ఉందని ముందే తెలుసు కాబట్టి ఇచ్చిందో.

కర్రలవాళ్లు పక్కకి తప్పుకున్నారు. నేను పరిగెత్తాను. నీరు అప్పటికే మడుగు మెట్ల మీద ఉంది. ఎదురు నీటి మీద తలుపు దిగదు, ఒక్కో చుట్టుకీ ప్రాణం పోయి వచ్చింది. యాభై నాలుగు.

223వ రోజు

ఉప్పు 10. ఆస్పత్రిలో పదమూడుమంది పసివాళ్లు. ఎవరికీ ప్రాణభయం లేదని నర్సమ్మ చెప్పింది.

కౌన్సిల్ తీర్పు గోడకి అంటించారు. మడుగు ఉప్పనవడానికి కారణం మౌనం చెడటం. మౌనం చెడగొట్టింది గవరయ్య. ఏడాది మాటవెలి. సాక్షి బిరుదు రద్దు. అమ్మ మీద చర్య లేదు, ఆమె మాట్లాడలేదు కాబట్టి. చక్రం తిప్పినందుకు నాకు హెచ్చరిక. ఇంకో లస్కరు లేడు కాబట్టి ఉద్యోగం ఉంచారు.

నీళ్లు తీపిగా ఉంటే మౌనం వల్ల. ఉప్పగా ఉంటే మౌనం చెడటం వల్ల. మరి ఏం జరిగితే మౌనానికీ నీళ్లకీ సంబంధం లేదని ఒప్పుకుంటారని కాగితం రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. దీనికి మాత్రం సాయంత్రానికల్లా రాలేదు.

231వ రోజు

ఉప్పు 8. రెండు వానలు పడ్డాయి.

తాత తెప్ప మీంచి అరుస్తూ అందరినీ పిలుస్తున్నాడు. ఎవరూ ఆగడం లేదు. తల వంచుకుని పోతున్నారు. కొందరు దణ్ణం పెట్టి మరీ పోతున్నారు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడితే నాకూ వెలి, తలుపు ఎవరు చూస్తారు? ఆ సాకు నిజమే, అయినా సిగ్గుగా ఉంది. వెళ్లి ఆయన పక్కన కూర్చుని వచ్చాను. బాతుగుడ్డు పెట్టాడు. తిన్నాను. ఆయన ముఖం సగమైంది.

244వ రోజు

ఉప్పు 6.

పొద్దున తాత కర్ర ఊతంతో తలుపు దగ్గరికి వచ్చాడు. గట్టు మీద నీళ్లకి వచ్చినవాళ్ల వరస ఉంది, నలభైమంది ఉంటారు. అమ్మ ఉంది. బిందె పట్టుకుని హైమావతి టీచర్ కూడా ఉంది, ప్రెసిడెంటుకైనా కార్డుకి రెండే బిందెలు. తాత ఎవరినీ పలకరించలేదు. చక్రం పక్కన రాతి మీద కూర్చుని, నేను తిప్పడం మొదలుపెట్టగానే ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. లెక్కడబ్బాకి గుడ్డ కట్టారు కాబట్టి ఆయనే లెక్కడబ్బా అయ్యాడు.

తొమ్మిది దగ్గర ఆయనకి దగ్గొచ్చింది. పది అని ఎవరో అన్నారు. అమ్మ. గోడ మీద కాగితం నేను మూడుసార్లు చదివాను. గవరయ్యతో మాట్లాడకూడదని ఉంది, అంకెలు చదవకూడదని లేదు. పదకొండుకి ఇంకో ఇద్దరు కలిశారు. ముప్పైకి వరసలో సగంమంది. నేను వెనక్కి తిరగలేదు, చేతిలో చక్రం ఉంది. తాత గొంతు ముందు, వాళ్ల గొంతులు వెనక. నలభై ఐదు, నలభై ఆరు. సమితి మనుషులిద్దరు గట్టు మీద నిలబడి చూస్తున్నారు, ఏ నేరం రాయాలో తెలియక.

యాభై రెండు తర్వాత అందరూ తొందరపడ్డారు. యాభై నాలుగు అనేశారు.

"యాభై మూడు," అంది వెనక నుంచి హైమావతి టీచర్.

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాత తల తిప్పి ఆమె వంక చూసి, మళ్లీ నా వంక చూశాడు. ఇంకొక్క చుట్టు మిగిలింది. తిప్పాను.